తంగేడు డ్రమ్ములో అమ్మవారు

గంగారాం పాన్ మానేసి ఉంటే బాలనర్సయ్యకు ఈ గతి పట్టేది కాదు. బొంబాయి కామాఠిపురలో, ఒంటిగది ఇళ్ల చాలులో ఇద్దరిదీ రెండో అంతస్తే. గదిలో చోటు చాలక రాత్రిళ్లు తాను చాప పరుచుకునే మెట్ల మలుపులోనే డ్రమ్ము పెట్టి, పాలమూరు అడవి అంచున ఏరుకొచ్చిన గింజలతో బాలనర్సయ్య తంగేడు పెంచాడు. గంగారాం పొద్దున లేస్తే దాని మొదట్లోనే ఉమ్మేవాడు.

ఏటా గ్రాంట్ రోడ్డులో కొన్న బంతిపూలతో బతుకమ్మ పేరుస్తుందని బాలనర్సయ్య భార్య రత్నాబాయిని పక్కగది యాదమ్మ దెప్పిపొడిచేది. ఈసారి తంగేడు పూలిస్తానని బాలనర్సయ్య భార్యకు మాటిచ్చాడు. 1986లో, దసరాకు పదిహేను రోజులుందనగా చెట్టు మొగ్గ తొడిగింది. ఆ ఉదయం అతడు ఒక కంకరరాయికి పసుపు రాసి, కుంకుమ పెట్టి డ్రమ్ములో నిలబెట్టాడు.

గంగారాం ఉమ్మడం ఆగిపోయింది. మర్నాడు యాదమ్మ నిమ్మకాయ పెట్టింది. మూడోనాడు ఎవరో గంట కట్టారు. ఆకులు తింటున్న గొంగళిపురుగులను బాలనర్సయ్య ఏరబోతే యాదమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇడువు అన్నా! అమ్మ సాకుతున్న పురుగులు!"

సద్దుల బతుకమ్మ పొద్దున అతడు కత్తెర పట్టుకొచ్చేసరికి మెట్ల నిండా ఆడవాళ్లు.

"అమ్మ చెట్టుకు కత్తెర పెడ్తవా? కండ్లు పోతయ్!" అంది యాదమ్మ.

"అమ్మ కాదే, రైలుపట్టాల కాడి రాయి! నేనే పెట్టిన!"

"అమ్మనే నీతోని పెట్టిచ్చింది."

"రెండేండ్లు నీళ్లు మోసి, ఆఖరికి పూలకు తాళం నువ్వే ఏసినవ్ గదయ్యా!" అంటూ రత్నాబాయి ముందుకొచ్చి, చెట్టు కింద కొంగు పట్టింది. "అమ్మా, నీకిష్టముంటే ఒడిల పువ్వెయ్యి."

అంతలో గంగారాం జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఉమ్మిన పాపం తగులుతుందని భయపడి కొబ్బరికాయ తెచ్చాడు. డ్రమ్ము అంచుకేసి శక్తికొద్దీ కొట్టాడు. డ్రమ్ము మోగింది, చెట్టు వణికింది. రత్నాబాయి కొంగు నిండా పసుపుపచ్చటి పూలు రాలాయి. ఆ పురుగులే సీతాకోకచిలుకలై ఆకుల కింద దాగి ఉన్నాయేమో, ఒక్కసారిగా గుంపుగా లేచాయి.

"ఇచ్చింది! అమ్మ ఇచ్చింది!" అని మొదట అరిచింది యాదమ్మే.

ఆ సాయంత్రం ఫాక్‌లాండ్ రోడ్డు మూలన ఆడవాళ్లంతా రత్నాబాయి బతుకమ్మ చుట్టూనే తిరిగారు. "వదినా, నాకొక్క పువ్వు" అని యాదమ్మ పళ్లెం చాచింది. రత్నాబాయి రెండిచ్చింది. బాలనర్సయ్య మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు చాలు పెద్దలు అమ్మవారికి అరుగు కట్టించారు. మెట్ల మలుపులో బాలనర్సయ్య చాప పరుచుకునే ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు జాగా అందులో పోయింది.