బుధవారం నాలుగింటి ఓదార్పు

ఉద్యోగికి కావలసింది ఓదార్పు! తోటి సిబ్బందీ, బండీ, ఖాళీ సమయమూ కావాలనే ఆశపోతులు ఒక్కసారి మా ఆఫీసుకు వచ్చి చూడండి.

నేను కేస్ వర్కర్‌ని. గూడు లేనివాళ్లకు గది, మందులు లేనివాళ్లకు మందులు చూపించడం నా పని. నా నెత్తిన తొంభై రెండు కుటుంబాలున్నాయి. వారానికో గంట, బుధవారం నాలుగింటికి, మా సూపర్‌వైజర్ గారు తలుపు వేసి, ఫోన్ కట్టేసి, ఎదురుగా కూర్చుని నా మనసును పరామర్శిస్తారు. బరువు దిగలేదు కానీ, బరువుగా ఉందా అని అడిగే మనిషి దొరికారు. ఎంత భాగ్యం!

ఆ గంటకు ఒకటే నియమం. కేసుల ఊసెత్తకూడదు.

ముందు ఒక ఫారం ఇస్తారు. అందులో అయిదు మొహాలు, నవ్వు నుంచి ఏడుపు దాకా. మొదటి వారం ఏడుపు మొహానికి టిక్కు పెట్టాను. పాపమని ఆ రోజుకి ఇంకో గంట పెంచారు. బెదిరిపోయి మరుసటి వారం నవ్వు మొహానికి పెట్టాను. బాధ దాచుకుంటున్నానని ఆ రోజుకి ఏకంగా రెండు గంటలు పెంచారు! మధ్య మొహం జోలికి వెళ్లే ధైర్యం నాకు లేదు.

మరి ఆయన్ని ఎవరు ఓదారుస్తారు? పై అంతస్తు మేడమ్ గారు. ఆవిణ్ణి ఆ పై అంతస్తువాళ్లు. బుధవారం మధ్యాహ్నం బిల్డింగంతా ఇద్దరిద్దరుగా తలుపులు వేసుకుంటుంది. కౌంటర్ దగ్గర సెక్యూరిటీ గార్డు ఒక్కడే మిగులుతాడు. జనం తమ గోడంతా అతనికే వెళ్లబోసుకుంటారు. అతనికి ఫారం కూడా లేదు, పాపం.

మొన్న బుధవారం ఒక పెద్దావిడకు గది దొరికింది. అయిదు లోపు సూపర్‌వైజర్ సంతకం పడకపోతే అది ఇంకొకరికి పోతుంది. ఆవిణ్ణి సంచీతో సహా వరండాలో కూర్చోబెట్టి, కాగితం పట్టుకుని లోపలికి పరిగెత్తాను.

"సార్, ఒక్క సంతకం!"

"చూశారా, సంతకం అనగానే మీ భుజాలెలా బిగుసుకున్నాయో! గట్టిగా గాలి పీల్చండి."

"పీల్చాను సార్. ఆవిడ గది..."

"అందరి గురించీ మీరు ఆలోచిస్తారు. మీ గురించి ఎవరాలోచిస్తారు, చెప్పండి?"

ఆ గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. నా కడుపుమంటంతా అదే! దుర్మార్గుడైతే పోట్లాడి సంతకం పెట్టించుకునేదాన్ని.

అయిదూ పదికి ఆయన పెన్ను తీశారు. నాకు మద్దతు అందిందని ఫారం మీద సంతకం చేశారు.

గది పోయిందని బయటికొచ్చి చెప్పాను. పెద్దావిడ లేచి సంచీ చంకనేసుకుంది.

"లోపల అంతసేపు తిట్టారా తల్లీ?"

"లేదమ్మా, ఓదార్చారు."

"అయ్యయ్యో! ఇంట్లో ఎవరైనా పోయారా?"

వరండాలోనే భోరుమన్నాను. తలుపు సందులోంచి చూసిన సార్ మొహం వెలిగిపోయింది. వెంటనే డైరీ తీశారు.

నా ఏడుపుకు వచ్చే బుధవారం నాలుగింటికి టైం ఇచ్చారు. పెద్దావిడ ప్రస్తుతం బస్టాండులో పడుకుంటోంది.