ఇంజనీరుగారిని ఆపిన రోజు

ఆరోజు పొద్దున్నే గోపాలకృష్ణమూర్తిగారు పెట్టుకున్న పని ఒక్కటే. మేడమీద గదిలో సీలింగు ఫ్యాను బిగించడం. ఆ గదిలో ఉండేది ఆయన పంపుల ఫ్యాక్టరీలో ఇంజనీరు వెంకటరాజు. రాజమండ్రి ఎంత పెరుగుతున్నా, చదువుకున్న కుర్రాళ్లు మాత్రం అక్కడ నిలవడం లేదు. నాలుగేళ్లలో ముగ్గురు ఇంజనీర్లు వచ్చారు, ముగ్గురూ ఆర్నెల్లు తిరక్కుండా హైదరాబాదు బండెక్కారు. భీమవరం దగ్గర్నుంచి వచ్చిన ఈ నాలుగోవాడు ఏడాదిన్నరగా ఉన్నాడు. ఇతను వచ్చాకే మూర్తిగారి పంపులు కారడం మాని నీళ్లు తోడుతున్నాయి. అదొక్కటే కాదు, పిల్లలు లేని ఆ ఇంట్లో సాయంత్రం మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వినపడితే గాని మూర్తిగారికి కాఫీ రుచించదు.

ఆయన గదిలోకి వెళ్లేసరికి వెంకటరాజు స్నానానికి వెళ్లాడు. బల్లమీద ఒక పోస్టుకార్డు ఉంది. కవరు చింపడం తప్పుగాని కార్డు చదవడం తప్పు కాదని మూర్తిగారి నమ్మకం.

“పదో తారీఖు పొద్దున్న హైదరాబాదు బండికి ఇద్దరం దిగుతున్నాం. అన్నీ మాట్లాడుకుని ఖాయం చేసేద్దాం. అంతదాకా మీ ముసలాయనకి తెలియనివ్వకు.”

ఆవేళే పదో తారీఖు. ఎవరో పెద్ద కంపెనీవాళ్లు కుర్రాణ్ణి ఎగరేసుకుపోవడానికి వస్తున్నారు! యాభై రెండేళ్లకే ముసలాయన కావడం కూడా ఆయనకి ఎక్కడో కలుక్కుమంది. గబగబా కిందికి దిగి వంటింట్లో ఉన్న భార్యని కేకేశారు.

“అన్నపూర్ణా, గంటసేపు అబ్బాయిని ఇల్లు కదలనివ్వకు!”

“ఎలాగండీ?”

“పెసరట్లు వేస్తూ ఉండు.”

స్టేషన్లో బండి దిగిన జనంలో బెల్‌బాటం ప్యాంట్ల కుర్రాళ్లిద్దరు సూట్‌కేసులతో దిక్కులు చూస్తున్నారు. మూర్తిగారు దగ్గరికి వెళ్లారు.

“ఎవరికోసమండీ చూస్తున్నారు?”

“వెంకటరాజని, పంపుల ఫ్యాక్టరీలో ఇంజనీరండి.”

“అయ్యో, ఆయన అన్నవరం వెళ్లారండి. మొక్కుందట.”

ఈ మాటతో వాళ్లు వెనక్కి పోతారని ఆయన లెక్క. వాళ్లలో పొడుగాటివాడు మొహం వెలిగించుకుని, “ఈ బండి అన్నవరం మీదుగానే కదండీ వెళ్తుంది?” అన్నాడు.

“ఆయ్, వెళ్తుందండి,” అన్నారు మూర్తిగారు, గుటక మింగి.

ఇక తప్పలేదు. పరుగున వెళ్లి టిక్కెట్లు తెచ్చారు. సూట్‌కేసులు స్వయంగా పెట్టెలోకి ఎక్కించారు. ఉత్త చేతులతో పంపడానికి మనసొప్పక అరడజను అరటిపళ్లు కూడా కొనిచ్చారు. బండి కదిలాక చెమట తుడుచుకుని, దారిలో ఆగి కాస్త టీ తాగి ఇల్లు చేరేసరికి, ఏడో పెసరట్టు దగ్గర తప్పించుకుని స్టేషనుకు పోయి వచ్చిన వెంకటరాజు గుమ్మంలో కూలబడి ఉన్నాడు.

“కొంప మునిగిందండి! నాతో చదువుకున్నవాళ్లు ఇద్దరు వస్తామన్నారు. బండి వచ్చి వెళ్లిపోయింది, వాళ్లు లేరు.”

“ఎందుకొస్తున్నారు?” అన్నారు మూర్తిగారు, తెలియనట్టు.

“మన దగ్గర చేరడానికండి! ఒకడు డిజైన్లు గీస్తాడు, ఇంకొకడికి ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే పోతపని బాగా తెలుసు. ఆర్నెల్లుగా ఉత్తరాలు రాసి రాసి ఒప్పించాను. ఊరు నచ్చి సరేనన్నాకే మీకు చెప్దామని దాచాను.”

మూర్తిగారు గోడ పట్టుకున్నారు. “అన్నపూర్ణా, టాక్సీ!” అని మాత్రం అనగలిగారు.

తుని రోడ్డు మీద టాక్సీ పోతోంటే ఆయన జరిగిందంతా చెప్పేశారు. అంతా విని వెంకటరాజు అడిగాడు.

“ఎందుకండీ అలా చేశారు?”

“మీరు వెళ్లిపోతారేమోనని రాజుగారూ. అడగడానికి నోరు రాలేదు. అడిగితే ‘అవును’ అంటారేమోనని భయం.”

వెంకటరాజు కిటికీవైపు తిరిగాడు. “మొన్న నాకు జ్వరమొస్తే అమ్మగారు మూడు రోజులు మేడ దిగలేదు. మీరేమో పంపు బాడీ మార్చాలని నేనంటే మీ నాన్నగారి నాటి అచ్చుని పగలగొట్టించారు. ఇలాంటి చోటు వదిలి నేనెక్కడికి పోతానండీ?”

మూర్తిగారికి కండువా అంచుతో పని పడింది.

అన్నవరంలో రత్నగిరి మెట్ల మీద కుర్రాళ్లిద్దరూ ఆకుల్లో ప్రసాదం తింటూ కనిపించారు. ఎవరి మీదా కోపంగా ఉన్నట్టు లేరు.

“ఒరేయ్ రాజూ, మేం నిర్ణయించేసుకున్నాం,” అన్నాడు పొడుగాటివాడు. “మీ ఊరే. స్టేషన్లో ఎవరో తెలియని పెద్దాయన సామాను మోసి, టిక్కెట్లు కొని, పళ్లిచ్చి ఎక్కించాడురా! హైదరాబాదులో మాకు టైమ్ చెప్పినవాడు కూడా లేడు. మీ ఓనరుగారు అందులో సగం మంచివాడైనా చాలు.”

వెంకటరాజు పక్కకి తప్పుకున్నాడు. వెనకాల మూర్తిగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

ఒకటో తారీఖున ఇద్దరూ చేరారు. ఆఫీసు గదిలో ఉన్నవి మూడే కుర్చీలు కావడంతో, ఆవేళ యజమాని నిలబడే పనిచేశారు.