క్రిస్టీనా ప్యూర్‌లో చేరాలా, అప్లయిడ్‌లో చేరాలా?

లెక్కల్లో పీహెచ్‌డీ చేసినవాళ్ళను లెక్కల బారినుంచి కాపాడుతున్నవి మన ప్రైవేటు యూనివర్సిటీలే! ఈ మేలును మనం గుర్తించకపోవడం అన్యాయం. కావాలంటే దర్శి అమ్మాయి క్రిస్టీనాను చూడండి.

ఆల్జీబ్రా అంటే ఆమెకు ప్రాణం. అదే పాఠం చెప్పుకుంటూ బతకాలని కోరిక. ఎంత ప్రమాదకరమైన కోరిక! అదృష్టం బాగుండి రెండు ఉద్యోగాలు ఒకేసారి వచ్చాయి. ఒక యూనివర్సిటీలో ప్యూర్ మ్యాథ్స్, ఇంకో దాంట్లో అప్లయిడ్.

ప్యూర్ హెడ్డు సంజీవరావుగారు నిజాయితీపరుడు.

"మా దగ్గర ప్రశాంతంగా ఉంటుందమ్మా. సిలబస్ బ్రహ్మాండం. పిల్లలే లేరు."

స్వచ్ఛత అంటే అదీ! విద్యార్థుల చేతులు తగిలితే ఏ శాస్త్రమైనా మాసిపోదూ?

అప్లయిడ్ హెడ్డు చైతన్యకృష్ణగారి గదిలో గోడ మీద నిలువెత్తు మిరపకాయ పోస్టరు.

"మిర్చి తెగుళ్ళ మీద ఏఐ ప్రాజెక్టు మేడమ్. ఫొటో పెడితే తెగులేంటో చెప్పేస్తుంది."

"ఫొటోలు ఏ పొలంలో తీశారు సార్?"

"పొలమెందుకండీ, ఎండ. నెట్‌లో ఉన్నాయిగా."

ఆ గది కిటికీ తెరిస్తే కనుచూపుమేరా మిరప చేలే. కానీ పోస్టర్లో కాయ ఇంకా ఎర్రగా ఉంది.

"నేను ఆల్జీబ్రా చెప్పుకోవచ్చా సార్?"

"ముందు చేరండి. తర్వాత మీరే అడగరు."

బడి టీచరైన వాళ్ళమ్మ కొండమ్మ తేల్చేసింది. "పిల్లలున్న చోట చేరవే. ఖాళీ బెంచీలకు చెప్తావా ఏంటి?"

అలా అప్లయిడ్‌లో చేరింది. చేరగానే ఇచ్చిన పని పాఠం కాదు, అడ్మిషన్ల క్యాన్వాసింగ్. పాఠం చెప్పాలంటే పిల్లలు కావాలి. పిల్లలు కావాలంటే ఊళ్ళు తిరగాలి. ఊళ్ళు తిరిగేవాళ్ళకు పాఠం చెప్పే తీరికుండదు. ఎంత చక్కటి సమీకరణం! రెండు వైపులా సున్నా.

కనిగిరి దగ్గర ఓ ఊళ్ళో, ఇంటర్ పాసైన శ్రీరమ్య ఇంటికి కరపత్రాలు పట్టుకుని వెళ్ళింది క్రిస్టీనా. వరండాలో అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నారు. సంజీవరావుగారు. ఆయన ఒళ్ళోనూ కరపత్రాలే.

శ్రీరమ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నాకు లెక్కలంటే ఇష్టం మేడమ్. ఎవరి దగ్గర చేరితే లెక్కలు బాగా చెప్తారు?"

ప్యూర్ వైపు నుంచి చిన్న దగ్గు వినిపించింది. ఆ పిల్లకు నిజం చెప్పేద్దామని క్రిస్టీనా నోరు తెరిచింది కూడా. అయితే టార్గెట్ తగ్గితే ఉద్యోగం ఊడుతుందని చైతన్యకృష్ణగారు పొద్దున్నే వాట్సాప్ పెట్టి ఉన్నారు.

సంజీవరావుగారే ముందు తేరుకున్నారు. "మాకు మీ ఊళ్ళోకే బస్సొస్తుందమ్మా."

"మాది ఏసీ బస్సు," అంది క్రిస్టీనా.