నెల్ మింగిన నాచుపచ్చ లారీ

శనివారం ఉదయం గ్విలిమ్ ప్రాసర్ పెట్టుకున్న పని చిన్నదే. తాను చెక్కిన ఓక్ పీట మీద ఎమ్రిస్ మాస్టారి లారీ సరిగ్గా కూర్చుంటుందో లేదో చూసుకోవాలి, తీరిగ్గా టీ తాగాలి, రెండు గంటలకల్లా రెండింటినీ చాపెల్ హాల్లో ప్రదర్శనకు చేర్చాలి.

లారీ అంటే అగ్గిపెట్టెంత పోత లోహపు బొమ్మ. అరవై ఏళ్లు దాటినది. స్వాన్సీ ఊళ్లో పాత బొమ్మకార్లు దాచుకునేవాళ్లకు ఒక సంఘం ఉంది, దానికి ఎమ్రిస్ బేవన్ అధ్యక్షుడు. ఈ లారీ ఎర్ర రంగుదైతే ప్రతి సభ్యుడి దగ్గరా ఉంటుంది, ముదురు పచ్చది కొందరి దగ్గర ఉంటుంది, నాచుపచ్చది మాత్రం మాస్టారి దగ్గరే ఉంది. ఆ రంగు మీద ఆయన నలభై పేజీల పుస్తకం రాసి అచ్చు వేయించారు. అలాంటి బండిని ఒక్క రాత్రికి గ్విలిమ్ చేతికిచ్చారంటే చిన్న విషయం కాదు. పైగా మూడో తరగతిలో గ్విలిమ్‌కి లెక్కలు చెప్పింది ఆయనే. యాభై ఎనిమిదేళ్ల వడ్రంగి అయినా, మాస్టారు ఎదురైతే గ్విలిమ్ చేతులు ఇప్పటికీ వాటంతటవే వెనక్కి పోయి కట్టుకుంటాయి.

వంటింటి బల్ల మీద రెండు లారీలు పెట్టాడు గ్విలిమ్. ఒకటి మాస్టారిది. రెండోది తనది, ముదురు పచ్చది, అంచులన్నీ పెచ్చులు లేచిపోయినది. దాని రంగు ఊడదీసి కొత్తగా వేద్దామని పక్కనే నేల మీద ఒక పాత రేకు డబ్బాలో మందు పోసి ఉంచాడు. అంతలో హాల్లో ఫోన్ మోగింది. సంఘం కార్యదర్శి, కుర్చీల గురించి. కుర్చీల గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆయన ఆపరు.

మాటల మధ్యలో గ్విలిమ్‌కి బల్ల గుర్తొచ్చింది. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి భార్యకు కేకేశాడు. "మైర్, బల్ల మీద మంచిది డబ్బాలో పెట్టు. రెండోది అలాగే ఉండనీ."

పదిహేను నిమిషాలకు తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. మాస్టారిచ్చిన ప్లాస్టిక్ డబ్బా కూడా ఖాళీగానే ఉంది.

"డబ్బాలో పెట్టావా?"

"పెట్టాను," అంది మైర్, గిన్నెలు తోముతూనే. "నీళ్లేవో ఉన్నాయి అందులో. నువ్వెప్పుడూ ఏదో ఒకటి ముంచుతూనే ఉంటావుగా, కడగడానికేమో అనుకున్నా."

గ్విలిమ్ రేకు డబ్బాలోకి చూశాడు. పుల్లతో పైకి లేపితే లారీ వచ్చింది. రంగు మాత్రం లేదు. అప్పుడే మూసలోంచి తీసినట్టు బూడిద రంగు లోహం మెరుస్తోంది. పాత బండ్ల రంగులన్నీ కలిసి ఆ మందు ఎప్పుడో బురదలా మారింది కాబట్టి, ఊడిన రంగేదో చెప్పడం దేవుడి తరం కూడా కాదు.

"ఏ పచ్చది వేశావు మైర్?"

"పచ్చది."

"అదే, ఏ పచ్చది?"

"పచ్చలో రకాలేమిటి? ఒక్కటే ఉంది బల్ల మీద. ఉన్నదే పెట్టాను."

మంచిది పెట్టమంటే మంచిదే పెట్టి ఉంటుంది, ఇరవై తొమ్మిదేళ్లుగా చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. తనది ఏ బల్ల కిందో పడి ఉంటుంది, పోతే పోయింది. గ్విలిమ్ కుర్చీలో కూలబడ్డాడు. అంతలో వీధి గుమ్మం గంట మోగింది.

ఎమ్రిస్ మాస్టారే. మెడకు బో టై కట్టుకుని, ఐదు గంటల ముందే వచ్చేశారు. "రాత్రి నిద్ర పట్టలేదోయ్. ఒక్కసారి చూసుకుని పోదామని వచ్చా. ఏదీ నా బండి?"

గ్విలిమ్ కాలితో రేకు డబ్బాను గిన్నెలు తోమే తొట్టి కిందికి తోశాడు. అతని కళ్లు గదంతా వెతికి, పొయ్యి దగ్గర పడుకున్న నెల్ మీద ఆగాయి. నెల్ లావుపాటి లాబ్రడార్. నిరుడు ఒక మేజోడూ, టీవీ రిమోట్‌లో సగమూ మింగి అరిగించుకున్న కుక్క. అదే క్షణంలో అది తాపీగా మూతి నాక్కుంది.

"నెల్ మింగేసింది మాస్టారూ," అన్నాడు గ్విలిమ్.

మాస్టారు గోడకు చేరబడ్డారు. మైర్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆయన ఏడుస్తారు, తిడతారు, ఇంటికి పోతారు, ఆ తర్వాత తీరిగ్గా ఊరొదిలిపోవచ్చు అనుకున్నాడు గ్విలిమ్. కాని ఆయన నిమిషంలో తేరుకున్నారు.

"అయితే లోపలే ఉందన్నమాట. కోటు వేసుకో. పద డాక్టరు దగ్గరికి."

దారి పొడవునా మాస్టారు వెనక సీట్లో నెల్‌ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "నెమ్మదిగా పోనీ. గుంతల్లో వెయ్యకు, చక్రాలు వంగుతాయి." కాసేపాగి మళ్లీ అడిగారు. "ముందు వైపు నుంచి మింగిందా, వెనక నుంచా?"

"ముందు వైపు నుంచి మాస్టారూ."

"నువ్వు చూశావా అమ్మా మైర్?"

"నేను గిన్నెలు తోముతున్నాను," అంది మైర్, కిటికీలోంచి బయటికి చూస్తూ. మర్నాడు ఆదివారం చాపెల్‌లో ప్రార్థనకు కూర్చోవాల్సిన మనిషి, అబద్ధం ఆడలేక అంతకు మించి అనలేదు.

పశువుల డాక్టరు షోనెడ్ నెల్ పొట్ట నొక్కి చూసింది. నెల్ సంతోషంగా తోక ఊపింది. "నొప్పేమీ లేనట్టుందే. నిజంగా మింగడం చూశారా?"

"కళ్లారా చూశానమ్మా," అన్నాడు గ్విలిమ్. ఎక్స్‌రేలో ఏమీ కనబడదు, కడుపులో కరిగిపోయిందేమో అందాం, కుక్క కడుపు సంగతి ఎవరికి తెలుసు, అని లోలోపల రెండో అబద్ధాన్ని సిద్ధం చేసుకుంటున్నాడు.

షోనెడ్ ఎక్స్‌రే తెర మీద పెట్టింది. నెల్ పక్కటెముకల వెనక, తెల్లగా, స్పష్టంగా, నాలుగు చక్రాలతో ఒక లారీ నిలబడి ఉంది.

గ్విలిమ్ బల్ల అంచు పట్టుకున్నాడు. తొమ్మిదింటికి తాను పుట్టించిన అబద్ధం పదింటికల్లా చక్రాలు వేసుకుని కుక్క కడుపులో తిరుగుతోంది. మైర్ భర్త వంక చూసింది, తెర వంక చూసింది, మళ్లీ భర్త వంక చూసింది.

"ఉంది, నా తల్లి, క్షేమంగా ఉంది," అన్నారు మాస్టారు కళ్లు తుడుచుకుంటూ.

"మత్తిచ్చి గొట్టంతో తీసేస్తాను. ఆపరేషన్ అక్కర్లేదు," అని షోనెడ్ నెల్‌ని లోపలికి తీసుకుపోయింది.

బయట కుర్చీల్లో కూర్చున్నాక గ్విలిమ్‌కి సంగతి అర్థమైంది. లోపలున్నది తన ముదురు పచ్చది. ఇంకో అరగంటలో అది బయటికొస్తుంది, మాస్టారు చూస్తారు, అన్నీ బయటపడతాయి. పక్కన మాస్టారు ఆనందం పట్టలేక తన పుస్తకం రెండో ముద్రణకు కొత్త అధ్యాయం రాయాలంటున్నారు. గ్విలిమ్ చేతులు వెనక్కి కట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, అబద్ధం చెప్పాను. లోపలున్నది మీది కాదు, నాది. మీది మా ఇంట్లో తొట్టి కింద ఉంది. రంగు మందులో పడింది. ఒక్క చుక్క రంగు మిగల్లేదు."

మాస్టారు కూడా లేచి నిలబడ్డారు. మూడో తరగతి గొంతుతో అన్నారు. "కుక్క మీద నెట్టావా."

"నెట్టాను."

"నోరులేని కుక్క మీద."

అప్పుడే తలుపు తీసుకుని షోనెడ్ వచ్చింది. చేతిలో చిన్న స్టీలు గిన్నె. "నెల్ బాగుంది. మీ బండి ఇదిగో. కడుపులో పుల్లటి రసాలకి పై రంగు కాస్త లేచింది, ఏమీ అనుకోకండి."

ముగ్గురూ వంగి చూశారు. అది గ్విలిమ్‌ది కాదు. అంచులు పెచ్చులు లేవలేదు, కింద మాస్టారు అంటించిన నంబరు చీటీ ముక్క ఇంకా ఉంది. నాచుపచ్చ రంగు పాలమీగడలా ముడతలు పడి, ఒక పక్కంతా జారిపోయింది. దాని కింద, ఫ్యాక్టరీలో వేసినది వేసినట్టుగా, నిగనిగలాడుతున్న ఎరుపు.

ప్రతి సభ్యుడి దగ్గరా ఉండే ఎరుపు.

మాస్టారు గోటితో కొంచెం గీకారు. పచ్చ రంగు తడి కాగితంలా ఊడొచ్చింది. ఎవడో, ఎప్పుడో, తీరిగ్గా కూర్చుని వేసిన రంగు. నలభై పేజీల పుస్తకం రాసిన మనిషి గోడ మీది టీకాల పట్టికను రెండు నిమిషాలు చదివారు.

"గ్విలిమ్," అన్నారు చివరికి, చాలా మెల్లగా. "నువ్వు మొదట చెప్పిందే బాగుందోయ్. కుక్క మింగింది. దొరకలేదు."

"మరి అబద్ధం..."

"మింగిందా లేదా?"

"మింగింది మాస్టారూ."

ఆ మధ్యాహ్నం చాపెల్ హాల్లో మాస్టారు గద్గద స్వరంతో సంగతి చెప్పారు. సభ్యులు లేచి నిలబడి ఒక నిమిషం మౌనం పాటించారు. ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు.

సోమవారం పొద్దున మైర్ తలుపు తీస్తే మాస్టారు నిలబడి ఉన్నారు. రెండు జేబులూ తన మిగతా అరుదైన బండ్లతో బరువుగా ఉబ్బి ఉన్నాయి. వీధి అటూ ఇటూ చూసి, నెల్ ఖాళీగా ఉందా అని అడిగారు.

నెల్ ఇప్పుడే తిన్నదని అబద్ధం చెప్పి మైర్ తలుపు వేసుకుంది, చాపెల్‌కి పోయొచ్చి ఒక్క రోజే అయినా.