ఈరన్నకు వంద మీటర్లు

మన పూర్వీకుల రాయి మీద ఈగ వాలినా సహించేది లేదని మంత్రిగారు బెళుగుప్ప సభలో ప్రకటించిన రోజున నేను ముందు వరసలోనే ఉన్నాను. అది మహిళలకు కేటాయించిన వరస. షామియానా దాని దాకా రాలేదు.

పురాతన కట్టడానికి వంద మీటర్ల లోపల ఎవరు ఏ పని చేస్తున్నా అక్కడికక్కడే ఆపించే అధికారం ఇకమీదట ప్రభుత్వానికి ఉంటుందన్నారు. మేం చప్పట్లు కొట్టాం. మా ఓబులమ్మ అందరికన్నా గట్టిగా కొట్టింది. దానికి కారణముంది.

మా ఊరి గుట్ట మీద ఒక వీరగల్లు ఉంది. గుర్రమెక్కి కత్తి దూసిన వీరుడి రాయి. మేం ఈరన్న అంటాం, పసుపు పూస్తాం. గుట్టకు ఆ వైపు కొండప్ప గ్రానైట్ క్వారీ. కొండప్ప మంత్రిగారికి కుడిభుజం. అతను క్వారీలో మందు పేల్చినప్పుడల్లా మా వంటింట్లో గిన్నెలు వాటంతటవే దిగుతాయి. పక్కింటి ఓబులమ్మ మట్టిమిద్దె నాలుగు చోట్ల చీలింది. ఆ మిద్దె కిందే విత్తనానికి దాచిన శెనక్కాయల మూటలున్నాయి. వానొచ్చే లోపల మిద్దె మీద కొత్త చౌడు మట్టి పరవకపోతే విత్తనం తడిసి బూజు పడుతుంది. బూజు పట్టిన విత్తనం మొలవదు.

"ముందు ఆ పేల్చేది ఆగితే, అప్పుడు చౌడు ఏసుకుంటా. లేకుంటే మళ్లీ చీలుతాది గదమ్మా" అంది ఓబులమ్మ. క్వారీ ఆపించమని మేం పెట్టిన అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆమెదే.

వారంలోనే ప్రత్యేకాధికారి నరేంద్రగారు వచ్చారు. చేతిలో టేపు, చంకలో వంద కాగితాల 'పని నిలుపుదల' పుస్తకం. అంత చురుకైన అధికారిని నేను చూడలేదు. రాయిని చూడగానే ఎనిమిది వందల ఏళ్లన్నారు. టేపు పరిచి చూస్తే క్వారీ నలభై మీటర్లే. ఆయన పెన్ను మూత తీశారు. ఫోన్ మోగింది. పక్కకు వెళ్లి మాట్లాడి, పెన్నుకు మూత పెట్టుకుంటూ వచ్చారు.

"దూరం రాయి నుంచి కొలవాలని రూల్‌లో ఉంది. రాయి ఎక్కడుండాలో లేదు" అన్నారు ఆలోచనగా.

మర్నాడు కొండప్ప స్వయంగా క్రేన్ తెచ్చాడు. "పేలుళ్లకు ఈరన్నకేమన్నా అయితే యెట్లమ్మా? జాగ్రత్తగా ఊర్లో పెడదాం" అన్నాడు. తన పేలుళ్ల గురించి అంత నిజాయితీగా మాట్లాడిన మనిషి మరొకడు లేడు. డప్పులతో, పూలదండతో ఈరన్నను పెకలించి తెచ్చి ఓబులమ్మ ఇంటి ముందర దించారు. నరేంద్రగారు మళ్లీ కొలిచారు. క్వారీ నాలుగు వందల మీటర్ల అవతల. ఓబులమ్మ మిద్దె నాలుగు మీటర్లు.

ఇక ఆగితే లాభం లేదని ఓబులమ్మ చౌడు గంప నెత్తిన పెట్టుకుని నిచ్చెనెక్కింది.

"పని ఆపి దిగమ్మా" అన్నారు నరేంద్రగారు కింద నుంచి.

"ఏం పని సార్? నా మిద్దెకు చౌడు ఏసుకుంటాండా."

"వారసత్వ సంపదకు ముప్పు."

"మిద్దె కారితే నాకు ముప్పు. ఈరన్నకేం ముప్పప్పా?"

"దుమ్ము పడి రాయి మీది అక్షరాలు అరిగిపోతాయి."

"మరి కొండప్ప దుమ్మో?"

"అది వంద మీటర్ల అవతలి దుమ్ము."

మొదటి కాగితం అలా ఓబులమ్మకు దక్కింది. తర్వాత ఎదురింటి చిన్నప్ప ఎనుము రాయికి ఒళ్లు రుద్దుకుందని ఎనుముకొకటి, కట్టేసినందుకు చిన్నప్పకొకటి. పదిహేడోది నాకు. రోట్లో మిరపకాయలు దంచుతుంటే భూమి అదురుతోందట. ప్రభుత్వం నా పేరు పెట్టి రాసిన మొదటి కాగితం అది. దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాను. నెలలో ముప్ఫై తొమ్మిది పనులు ఆపినందుకు నరేంద్రగారికి మంత్రిగారు శాలువా కప్పారు.

వాన ఆలస్యమైతే ఊరి దేవుణ్ణి ఊరేగిస్తూ మెరవణి చేయడం మా వైపు ఆచారం. దేవుడు బరువెక్కిన చోట దించాలి. కదులుతానని ఆయన చెప్పేదాకా ఎవరూ కదిలించకూడదు. గుట్ట మీద పాతుకుపోయినన్నాళ్లూ ఈరన్నకు ఆ భాగ్యం లేదు. కొండప్ప పుణ్యాన వదులయ్యాడు.

"వాన రావాల. కానీ నా మిద్దె అయినాక రావాల" అని మొక్కి, ఓబులమ్మ ఈరన్నను ట్రాక్టర్ ఎక్కించింది.

నరేంద్రగారు పరిగెత్తుకొచ్చారు. "ఇది ఆపాలి."

"దేవుని మెరవణి పనా సార్?"

ఆయన పుస్తకమంతా తిరగేశారు. లేదు. చేసేది లేక మా వెంట నడిచారు.

బెళుగుప్పలో మంత్రిగారు కట్టిస్తున్న ఫంక్షన్ హాల్ ముందుకొచ్చేసరికి ఓబులమ్మకు పూనకమొచ్చింది. "బరువైనా. ఈడ బాగుండాది నాకు. దించండి." దించాం. ఆ రోజే అక్కడ స్లాబ్ వేస్తున్నారు. నాలుగు మిక్సర్లు తిరుగుతున్నాయి. ఓబులమ్మ ఒక కన్ను తెరిచింది.

"టేపు తెచ్చినావా సారూ?"

నరేంద్రగారు కొలిచారు. పదకొండు మీటర్లు. పెన్ను మూత తీశారు. ఫోన్ మోగింది. ఈసారి నిలబడిన చోటే అటెన్షన్‌లో మాట్లాడారు. అరగంటలో నిపుణుల కమిటీ నివేదిక వాట్సాప్‌లో వచ్చింది. రాయిని కళ్లతో చూడకుండానే వయసు పట్టేశారంటే ఎంతటి పండితులో. ఇరవై ఏళ్ల కిందట చెక్కిన రాయట. జాబితా నుంచి తొలగించడమైనది.

"నా చిన్నకొడుకు కంటే చిన్నోడా ఈరన్న?" అంది ఓబులమ్మ. "సరే, నా మిద్దె సంగతేంది?"

"వేసుకోమ్మా. అడ్డు లేదు."

"అయితే ఈరన్నను ఎత్తండప్పా, పోదాం."

"కుదరదు" అన్నారు నరేంద్రగారు. "ఇప్పుడిది ఉత్త రాయి. పర్మిట్ లేకుండా రాయి తరలిస్తే గనుల చట్టం కింద కేసు."

"కొండప్ప దినామూ లారీలకు లారీలు తోలుతాండాడే?"

"ఆయనకు పర్మిట్ ఉంది."

ఓబులమ్మ ఈరన్నకు మొక్కింది. తర్వాత ఇంటికొచ్చి మూడు రోజుల్లో మిద్దె పూర్తి చేసింది. నాలుగో రోజు వాన పడింది. చుక్క కారలేదు. విత్తనం వేసింది, మొలిచింది. క్వారీ గుట్ట నెత్తి దాకా వచ్చింది.

శ్రావణంలో ఫంక్షన్ హాల్ ప్రారంభానికి ఊరంతటినీ పిలిచారు. వారసత్వాన్ని కాళ్ల కింద వేసి తొక్కే వాళ్లను వదిలేది లేదని మైకులో మంత్రిగారి మాటలు రోడ్డు దాకా వినిపిస్తున్నాయి. ఓబులమ్మ నా ముందు మెట్లెక్కుతోంది. మూడో మెట్టు దగ్గర ఆగిపోయింది. కొత్త సిమెంటు మధ్య ఒక గుర్రం కాళ్లు, ఒక కత్తి.

ఆమె చెప్పులు విడిచి, వంగి, కొంగుతో ఆ మెట్టు తుడిచింది. వెనక్కి తిరిగి బస్టాండు వైపు వెళ్లిపోయింది.

నేను పక్కనుంచి ఎక్కాను. భోజనంలోకి ఓళిగలు బాగా చేశారు. రెండోసారి కూడా వడ్డించారు.