ఒకటో నంబరు లారీ

ఆ బుధవారానికి జైరాం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి లారీల సీరియల్ చదవాలి, తొమ్మిదిన్నరకు ఆఫీసుకు తాళం వేయాలి, పదింటి బస్సుకు భార్యతో మిర్యాలగూడ వెళ్లి మ్యాట్నీ చూడాలి. ఈ మ్యాట్నీ దసరా నుంచి వాయిదా పడుతూనే ఉంది. అందుకే మంగ్లీ ఈసారి ఇంటి దగ్గర ఎదురుచూసే పొరపాటు చేయలేదు. కొత్త చీర కట్టుకుని, టిఫిన్ డబ్బాతో సహా ఎనిమిదిన్నరకే మేళ్లచెరువు లారీ ఓనర్ల సంఘం ఆఫీసుకు వచ్చి, గడియారానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

సిమెంటు ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా ఉన్న ఆ ఒంటిగది ఆఫీసుకు జైరామే గుమాస్తా. లోడు కోసం వచ్చే లారీలకు వచ్చిన వరుసలో నంబర్లు ఇవ్వడం అతని పని. లారీ రాగానే ఓనరు పేరుతో కంప్యూటర్లో ఒక ఫైలు పెట్టేవాడు, లోడెత్తగానే తుడిచేసేవాడు. డాస్ మీద నడిచే పాత కంప్యూటర్ ఆ పేర్లను పెట్టిన వరుసలోనే చూపించేది. కదలనిది ఒక్క పేరే. సంఘం అధ్యక్షుడు కాటయ్య ఫైలును తుడవకూడదని కాటయ్యగారే చెప్పారు. ఆయన లారీ తిరిగొచ్చినప్పుడల్లా జైరాం ఆ పాత ఫైలునే తెరిచి మళ్లీ సేవ్ చేసేవాడు. దాంతో లారీ ఎప్పుడొచ్చినా పేరు మాత్రం తెర మీద మొట్టమొదటే ఉండేది. కంప్యూటర్‌కు కూడా పెద్దమనుషులంటే మర్యాద కాబోలు అనుకుని డ్రైవర్లు ఊరుకున్నారు.

అది పందొమ్మిది వందల తొంభై ఏడు. కోదాడ సంఘం వాళ్లు ఇంకా రిజిస్టరు రాసుకుంటున్నారని నలుగురికీ చెప్పుకోవడానికి, కాటయ్య నిన్ననే హైదరాబాద్ నుంచి విండోస్ ఉన్న రంగుల కంప్యూటర్ తెప్పించి కొబ్బరికాయ కొట్టాడు. జైరాం సాయంత్రం ఆరింటికల్లా ఫైళ్లన్నీ ఫ్లాపీలతో అందులోకి ఎక్కించాడు. మౌస్ ఒక్కటే ఇంకా చేతికి లొంగలేదు. అతను ఒక మూలకు లాగితే బాణం గుర్తు ఇంకో మూలకు పోతోంది.

తొమ్మిది కావస్తుండగా పిచ్చయ్య అనే ముసలి డ్రైవరు, ఆఫీసులో కూర్చున్న కాటయ్య దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అతనికి ఉన్నది ఒక్కటే లారీ, అదీ తనే నడుపుకుంటాడు.

"ప్రెసిడెంట్ సాబ్, ఇయ్యాల ఫస్టు లోడు సూర్యాపేటకంట. మా మనుమనికి గాడనే పొద్దుమీకి తొట్టెల. నాలుగు దినాల నుంచి గీడనే పడిగాపులు కాస్తున్న. నీ తర్వాత నంబరు నాదే. గీ ఒక్క లోడు జర నాకిడువు."

"నాకు మాత్రం ఇడువాలని లేదా పిచ్చయ్యా? కానీ సీరియల్ తప్పితే సంఘం ఉంటదా? నా చేతుల ఏం లేదు. కంప్యూటర్ ఏది చెప్తే గదే," అన్నాడు కాటయ్య.

పిచ్చయ్య వెళ్లి గుమ్మం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఉయ్యాల వేడుకకని మనవడికి కొన్న గిలక్కాయ అతని చొక్కా జేబులోంచి బయటికి కనిపిస్తోంది.

జైరాం కొత్త కంప్యూటర్లో ఫైళ్లు తెరిచాడు. తెర మీద మొదటి పేరు బాల్యా. అలవాటుగా అదే పైకి చదివేశాడు.

బాల్యా మంగ్లీకి తమ్ముడు. అతని లారీ వచ్చింది నిన్న మధ్యాహ్నం నాలుగింటికి. తన నంబరుకు ఇంకా రెండు రోజులు పడుతుందని తీరిగ్గా పళ్లు తోముకుంటున్నవాడు, పేరు వినగానే బ్రష్షు నోట్లో ఉండగానే వెళ్లి బండి స్టార్ట్ చేశాడు.

"అరే ఆగు బామ్మర్దీ!" అని జైరాం అరిచాడు. ఆ పిలుపుతో వ్యవహారం పూర్తిగా చెడింది.

"ఓహో, బామ్మర్దా?" అన్నాడొకడు. "కొత్త కంప్యూటర్‌కు చుట్టరికాలు గూడ తెలుస్తయా?"

"అక్క పొద్దుగాల్నే డబ్బా పట్టుకొని ఎందుకొచ్చిందో ఇప్పుడు సమజైంది," అన్నాడు ఇంకొకడు.

"నేను సినిమాకు పోనీకె వచ్చిన!" అని మంగ్లీ లేచి నిలబడింది. ఎవరూ నమ్మలేదు.

అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది కాటయ్యకు. తన పేరు ఎక్కడో మధ్యలో ఇరుక్కుపోయి ఉంది. "ఏందిరా జైరాం ఇది? డబ్బులు వోసి కొన్నది మీ బామ్మర్దిని ముందర పెట్టనీకెనా?"

ఈ యంత్రం బడిలో హాజరు పిలిచినట్టు ఏబీసీడీల వరుసలో పేర్లు పెట్టిందని జైరాంకు అర్థమైంది గానీ, దాన్ని ఎలా మాన్పించాలో తెలియలేదు. తెర పైభాగంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టాడు. ఒకటి నొక్కితే పేర్లన్నీ పెద్ద బొమ్మలయ్యాయి. ఇంకోటి నొక్కితే వరసగా నిలబడి, పక్కన ఏవో అంకెలు తెచ్చుకున్నాయి. పేర్ల పైనున్న పట్టీని నొక్కితే మొత్తం జాబితా తలకిందులైంది. ఇప్పుడు మొదటి పేరు పిచ్చయ్య.

"నాదే!" అని పిచ్చయ్య ఆ వయసులో పరుగెత్తాడు. లారీ తీసుకెళ్లి గేటు దగ్గర బాల్యా లారీ పక్కన ఇరికించాడు. ఈలోగా కంగారులో జైరాం వేలు ఆ పట్టీ మీదే ఇంకోసారి పడింది. బాల్యా మళ్లీ మొదటికొచ్చాడు, పిచ్చయ్య మళ్లీ చివరికి పోయాడు. కిటికీలోంచి తెర చూస్తున్నవాళ్లు చూసింది చూసినట్టు బయటికి అరుస్తున్నారు. ఆ అరుపుల్ని బట్టి లారీలు ముందుకు, వెనక్కి కదులుతున్నాయి. అరగంటలో గేటు ముందు ఏడు లారీలు ఏడు దిక్కులకు నిలబడ్డాయి. ఫ్యాక్టరీ ఉద్యోగుల బస్సు వాటి మధ్య చిక్కుకుని హారన్ కొడుతూనే ఉంది.

ఫోన్ మోగింది. లోపల లోడింగు చూసే ఆఫీసరు. "ఏం తమాషా నడుస్తుంది అక్కడ? పదింటిలోగా లారీ లోపలికి రాకపోతే సూర్యాపేట లోడు బయటి బండికి ఇచ్చేస్తా!"

గడియారంలో పది నిమిషాల తక్కువ పది. మళ్లీ గుమ్మం పక్కకొచ్చి కూర్చున్న పిచ్చయ్య చేయి జేబులోని గిలక్కాయ మీదకు పోయింది. అతని ముఖం చూడలేక జైరాం తల దించుకున్నాడు. పదింటి బస్సు సంగతి మాత్రం మంగ్లీ మరచిపోలేదు. ఆమె పదో తరగతి దాకా చదువుకుంది. మొగుడి భుజం మీదుగా వంగి తెరను పరీక్షగా చూసింది.

"ఏందయ్యా, పేరు పక్కన తారీకు, టైము గూడ ఉన్నయ్ గద. పేరు మీద నొక్కితే పేర్లు కదిలినయ్. గా టైము మీద నొక్కరాదూ?"

జైరాం మౌస్ మీంచి చేయి తీసేశాడు. అవి ఒక్కో ఫైలును చివరిసారి సేవ్ చేసిన టైములని ఆ గదిలో అతనికి ఒక్కడికే తెలుసు.

"నొక్కురా!" అని కాటయ్య గర్జించాడు. "వచ్చిన టైము ప్రకారం పెట్టు. ఎవడు ముందొచ్చిండో ఎవడు ఎనకొచ్చిండో అందరూ సూడాలె!"

జైరాం కళ్లు మూసుకుని నొక్కాడు. మొట్టమొదటి పేరు కాటయ్య. ఆఖరి పేరు పిచ్చయ్య.

కాటయ్య మీసం దువ్వుకున్నాడు. "సూసిన్రా? ఎప్పటిలెక్కనే నేనే ఫస్టు. డ్రైవర్‌ను బండి తీయుమను!"

"జర ఆగు సాబ్," అంది మంగ్లీ, తెర మీద వేలు పెట్టి. "నీ పేరు పక్కన నిన్న పొద్దుమీకి ఐదున్నర అని ఉన్నది. మా తమ్మునిది నిన్న నాలుగు గంటలకు. పిచ్చయ్య తాతదేమో శనివారం తారీకు. ఇది కొత్తగ వచ్చినోళ్లను పైన పెట్టింది. కింది నుంచి సదవాలె."

కిటికీ దగ్గరివాళ్లు మెడలు చాచి తెర మీది తారీకులు చూశారు.

"టైము తప్పయి ఉంటది," అని కాటయ్య జైరాం వైపు చూశాడు. ఆ చూపులో జైరాం ఉద్యోగం, ఇంటి కిరాయి, రాబోయే మ్యాట్నీలన్నీ ఉన్నాయి. కానీ కిటికీ అవతల ఇరవైమంది ఉన్నారు, గుమ్మంలో పిచ్చయ్య ఉన్నాడు.

"తప్పు కాదు సార్. మీ ఫైలు నిన్న నేనే సేవ్ చేసిన. మీ లారీ ఐదున్నరకే వచ్చింది గద."

పిచ్చయ్య లేచి, తువ్వాలు దులుపుకుని, చాలా వినయంగా అన్నాడు. "నువ్వే అంటివి గద సాబ్, కంప్యూటర్ ఏది చెప్తే గదే అని."

కిటికీలోంచి ఒక నవ్వు మొదలై గేటు దాకా పోయింది. ఆ నవ్వులోనే ఒక్కొక్క లారీ వెనక్కి తప్పుకుంది. రెండు నిమిషాలు తక్కువ పదికి పిచ్చయ్య లారీ గేటు లోపలికి వెళ్లింది.

పదింటి బస్సు మాత్రం వెళ్లిపోయింది. మంగ్లీ టిఫిన్ డబ్బా పట్టుకుని రోడ్డువైపు చూస్తూ కూర్చుంది. లోడెత్తుకుని బయటికొచ్చిన పిచ్చయ్య ఆఫీసు ముందు బండి ఆపి క్యాబిన్ తలుపు తెరిచాడు. "ఎక్కు బిడ్డా. సూర్యాపేటల టాకీసులు లేవా? సినిమా సూసినంక తొట్టెలకు గూడ రావాలె మీరు." మంగ్లీ ఈసారి మొగుడి జవాబు కోసం ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే పాత కంప్యూటర్ మళ్లీ బల్ల మీదికి వచ్చింది. కొత్తదానికి వైరస్ సోకిందని కాటయ్య చెబితే డ్రైవర్లంతా బుద్ధిగా తలూపారు, ఆ తర్వాత ఎవరికి వాళ్లు తాము వచ్చిన తేదీ, టైము లారీ వెనక డాలా తలుపు మీద సుద్దముక్కతో రాసుకున్నారు.