గూడబాతుకు ఏడో గడి

ఛత్రినాకలో పాల వ్యాపారి రామ్‌చందర్ గేదెల కొట్టం మీద వాలిన గూడబాతును, దాని పేరుకు అర్థమూ పుట్టుకా తేలేవరకు ఎవరూ కాపాడరాదని సంబంధిత శాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు చక్కటి తెలుగులో ఉంది.

తప్పంతా రామ్‌చందర్‌దే. పతంగి మాంజా రెక్కకు చుట్టుకుని నెత్తురోడుతున్న పిట్టను చూసి, కత్తెర తెచ్చి దారం కోసేస్తే సరిపోయేది. బుద్ధిమంతుడు కనుక ముందు శాఖకు ఫోన్ చేశాడు. వాళ్లు దరఖాస్తు పంపారు. మాతృభాషా వారోత్సవాలు నడుస్తున్నందున ఏడో గడిలో జీవి పేరు, అర్థం, వ్యుత్పత్తి తెలుగులోనే నింపాలి. విచారణలో ఉన్న జీవిని పండితులు తప్ప ఎవరు తాకినా జైలు.

"అమ్మా, గూడబాతంటే ఏందే?" అని తల్లిని అడిగాడు.

బుచ్చమ్మ పేడ చేతులు కడుక్కోకుండానే చెప్పింది. "గూడంటే నీళ్లు తోడే బుట్ట రా. మా నాయినోళ్లు రెండు దిక్కుల తాళ్లు వట్టి కాల్వల నీళ్లు మడిల వోసేటోళ్లు. దీని ముక్కు కింద సంచి జూడు, గట్లనే లేదా? ముందుగాల ఆ దారం తియ్యి, సస్తది."

రామ్‌చందర్ అర్థం రాశాడు. దారం తీయలేదు. దరఖాస్తు తిరిగొచ్చింది. 'ఆధారం: మా అమ్మ' అన్నది ఆమోదిత గ్రంథాల జాబితాలో లేదట.

వెంటనే పండిత సంఘం ఏర్పడింది. అధ్యక్షులు శాలిబండలో స్టీలు సామాన్లమ్మే వెంకటనారాయణగారు. పెళ్లి గిన్నెల మీద పేర్లు చెక్కిస్తూ నలభై ఏళ్లుగా భాషాసేవ చేస్తున్నారు. కొట్టానికి వచ్చి, పేడ అంటకుండా పీట మీద నిలబడి ప్రసంగించారు.

"సోదరులారా! పక్షులు వస్తుంటాయి, పోతుంటాయి. పదం శాశ్వతం! ఈ పదానికి అన్యాయం జరగనివ్వను!"

చప్పట్లకు గూడబాతు ఉలిక్కిపడి రెక్క విదిల్చింది. దారం ఇంకాస్త లోపలికి దిగింది.

రెండో రోజు పండితులు దాని ముక్కు కొలిచి, ఫొటోలు దిగారు. మూడో రోజు మాట సంస్కృతమా, అచ్చ తెలుగా అని కుర్చీలు విసురుకున్నారు. రామ్‌చందర్ రోజూ చేపలు తెచ్చి పెట్టాడు. నాలుగో రోజు పిట్ట వాటిని ముట్టలేదు. కత్తెర అతని జేబులోనే ఉంది, ఉత్తర్వూ ఆ జేబులోనే ఉంది. ఐదో రోజు తెల్లారేసరికి అది మెడ వాల్చేసింది.

రామ్‌చందర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. బుచ్చమ్మ ఓదార్చలేదు. "సదువుకున్నోనివి గదా బిడ్డా, నీకు కాయిదమే కనవడ్డది" అంది.

నెలకు నివేదిక వచ్చింది. గూడ అంటే నీళ్లు తోడే బుట్ట అని వెంకటనారాయణగారు కనుగొన్నారు. ఆయనకు శాలువా కప్పి, ఆయన దుకాణంలో కొన్న బిందె మీదే ఆయన పేరు చెక్కించి బహూకరించారు.

దరఖాస్తు మంజూరైంది. మర్నాడే పిట్టను తీసుకెళ్లడానికి శాఖ బండి వచ్చింది. డ్రైవర్ డానియేలు పంజరంతో దిగుతూనే అడిగాడు. "అన్నా, గూడబాతంటే ఏంది? మా ఆఫీసుల అంతా గదే ముచ్చట."

రామ్‌చందర్ జేబులో కత్తెర తడుముకుంటూ బుట్ట సంగతంతా చెప్పాడు.

"మస్తున్నదన్నా!" అని మురిసిపోయి, సెల్లులో రాసుకుని, డానియేలు ఖాళీ పంజరంతో వెళ్లిపోయాడు. పిట్ట ఏమైందని అడగలేదు.

మీకు కూడా ఇప్పుడు గూడబాతు అంటే ఏమిటో తెలిసింది. సంతోషమే కదా.